ముప్ఫై మైళ్ల నుంచి వదిలిన క్షిపణి ఎందుకు తగల్లేదు

పోయిన నెలలో ఒక రాత్రి నలుగురం కలిసి సిమ్‌లో, అంటే కంప్యూటర్‌లో యుద్ధవిమానాలు నడిపే ఆటలో ఎగురుతున్నాం, రెండు విమానాలు ఇటు, రెండు అటు. నేను 20,000 అడుగుల ఎత్తులో, మ్యాక్ 0.85 వేగంతో (మ్యాక్ 1 అంటే ధ్వని వేగం) వెళ్తున్నాను. ఎదురుగా వస్తున్న విమానం రాడార్‌లో లాక్ అయింది. దూరం 30 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 55 కిలోమీటర్లు. హడ్ మీద, అంటే పైలట్ కళ్ల ముందు అంకెలు చూపించే గాజు తెర మీద, షూట్ గుర్తు వెలిగింది, వదిలేశాను. రేడియోలో "ఫాక్స్ త్రీ" (సొంత రాడార్ ఉన్న క్షిపణి వదిలానని చెప్పే మాట) అని చెప్పి, విమానం ముక్కు పక్కకు తిప్పి, క్షిపణి తగలడానికి ఇంకెంత సమయమో చెప్పే టైమర్ చూస్తూ కూర్చున్నాను. టైమర్ సున్నాకు వచ్చింది. ఏమీ జరగలేదు. ఎదుటివాడు వెనక్కి తిరిగి, కిందికి దిగి, క్షేమంగా వెళ్లిపోయాడు. ఆ వారంలో నాకు ఇలా జరగడం అది ఐదోసారి.

"అన్నా, ఈ మిస్సైల్‌కి వంద కిలోమీటర్ల రేంజ్ అని రాసి ఉంటుంది, సగం దూరం కూడా పోవట్లేదు, సిమ్‌లోనే ఏదో తప్పుంది" అన్నాను నా వింగ్‌మ్యాన్‌తో, అంటే నా పక్కన జతగా ఎగిరే అతనితో. ఆయన నాకంటే పెద్దవాడు, ఈ సిమ్‌లలో నాకంటే చాలా ఏళ్లు ముందు నుంచి ఉన్నాడు.

"రికార్డింగ్ తెరిచి చూశావా?"

చూడలేదు.

"ముందు చూడు. అది ఎంత దూరం పోయిందో కాదు, చివర్లో ఎంత వేగంతో ఉందో చూడు."

ఆ రాత్రి టాక్‌వ్యూ తెరిచాను. తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను, ఇది సిమ్‌లో జరిగిన ప్రతి ప్రయాణాన్ని రికార్డు చేసి, ఏ సెకనులో ఏ విమానం, ఏ క్షిపణి ఎక్కడ ఉంది, ఎంత ఎత్తులో ఎంత వేగంతో ఉంది అన్నది మళ్లీ చూపించే ప్రోగ్రామ్. నా క్షిపణి మీద క్లిక్ చేసి సెకను సెకనూ ముందుకు జరుపుతూ పోయాను. దాదాపు 8 సెకన్లకు పొగ ఆగిపోయింది, అప్పుడు వేగం మ్యాక్ 3.3. అక్కడి నుంచి ఆ అంకె ఒక్కసారి కూడా పైకి పోలేదు. కాస్త పైకి ఎక్కి, మళ్లీ కిందికి వంగి, వెనక్కి తిరిగిన విమానం వెంట పడి, మ్యాక్ 2, మ్యాక్ 1.5 అలా పడిపోతూ చివరికి మ్యాక్ 1 దగ్గర, టార్గెట్‌కి ఇంకా 6 కిలోమీటర్లు వెనకే ఉండిపోయింది. మోసపోలేదు, దారి తప్పలేదు. చివరి వరకూ సరైన దిశలోనే వెళ్లింది. దానికి ఊపు అయిపోయింది, అంతే.

ఆ రికార్డింగ్ చూసే దాకా క్షిపణి గురించి నా మనసులో ఉన్న బొమ్మే తప్పు. అదేదో చిన్న విమానంలాగా, ఇంజిన్ నడుస్తూ వెంటాడుతూ పోతుందనుకునేవాణ్ణి. మామూలు ఘన ఇంధన రాకెట్ మోటారు ఉన్న క్షిపణి అలా ఉండదు. అది వడిసెల రాయి. వడిసెలను గిరగిరా తిప్పి వదిలేదాకానే చేతి బలం, వదిలాక రాయికి కొత్తగా బలం ఎక్కడి నుంచీ రాదు. చాలా క్షిపణుల్లో మోటారు మండేది కొద్ది సెకన్లే, పొట్టి రేంజ్ వాటిలో 5 సెకన్ల దగ్గర్లో, కాస్త పెద్దవాటిలో ఇంకొంచెం ఎక్కువ. ఆ తర్వాత నిమిషం పాటు ఎగిరినా, రెండు నిమిషాలు ఎగిరినా, ఆ మొదటి సెకన్లలో దాచుకున్న వేగాన్నే ఖర్చు పెట్టుకుంటూ పోవాలి. మలుపు తిరిగితే ఖర్చు, పైకెక్కితే ఖర్చు, ఊరికే నేరుగా పోతున్నా గాలి తన వాటా తీసుకుంటూనే ఉంటుంది.

ఎంత తీసుకుంటుందో కాగితం మీద లెక్క వేసుకున్నాను. దీనికి పెద్ద చదువేం అక్కర్లేదు. ఒక ఊహా క్షిపణిని తీసుకుందాం. వదిలేటప్పుడు 150 కిలోలు, అందులో 50 కిలోలు ఇంధనం, మోటారు నుంచి వాయువు సెకనుకు 2,350 మీటర్ల వేగంతో బయటికొస్తుంది. రాకెట్ సూత్రం ప్రకారం దాని వల్ల వచ్చే వేగం సెకనుకు 950 మీటర్లు. వదిలే విమానం 300 మీటర్ల వేగంలో ఉంటే మొత్తం 1,250, అందులో మోటారు మండుతుండగానే గాలి కొంత తినేస్తుంది. ఎత్తులో ధ్వని వేగం సెకనుకు 295 మీటర్లే కాబట్టి ఇది మ్యాక్ 4 చుట్టుపక్కల ఉంటుంది. అమెరికా వాడే ఆమ్రామ్ లాంటి రాడార్ క్షిపణులకు మ్యాక్ 4 అని రాస్తారే, ఆ అంకె ఇలా వస్తుంది. అది ప్రయాణమంతా ఉండే వేగం కాదు, మోటారు ఆగిన ఆ ఒక్క క్షణంలో ఉండే వేగం.

ఇప్పుడు మోటారు ఆగింది, మిగిలింది 100 కిలోల గొట్టం. వ్యాసం 18 సెంటీమీటర్లు, డ్రాగ్ (గాలి వెనక్కి లాగే బలం) ఎంతో చెప్పే అంకె, అంటే డ్రాగ్ కోఎఫిషియెంట్, 0.5 అనుకుందాం. సముద్ర మట్టం దగ్గర గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.225 కిలోలు, 12 కిలోమీటర్ల ఎత్తులో 0.31. అంటే అక్కడ గాలి పావు వంతే. ఈ క్షిపణి సెకనుకు 1,000 మీటర్ల వేగంతో నేరుగా పోతుంటే, సముద్ర మట్టం దగ్గర దాని వేగం సగానికి పడిపోవడానికి పట్టే దూరం దాదాపు 9 కిలోమీటర్లు. 6 కిలోమీటర్ల ఎత్తులో అదే దూరం 16, 17 కిలోమీటర్లు. 12 కిలోమీటర్ల ఎత్తులో 35. సమయంలో చెప్పాలంటే కింద 13 సెకన్లలో జరిగేది పైన 50 సెకన్లు పడుతుంది. అదే క్షిపణి, అదే ఇంధనం.

నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచింది ఏంటంటే, ఈ సగమయ్యే దూరం మొదలుపెట్టిన వేగం మీద ఆధారపడదు. 1,000 నుంచి 500కి పడిపోవడానికి ఎంత దూరమో, 800 నుంచి 400కి పడిపోవడానికీ అంతే దూరం. డ్రాగ్ కోఎఫిషియెంట్ మారదు అనుకుంటేనే ఇది నిజం, నిజానికి అది మ్యాక్ 3 దగ్గర కంటే మ్యాక్ 1 వైపు వచ్చేకొద్దీ పెరుగుతుంది కాబట్టి చివర్లో పరిస్థితి ఈ లెక్క కంటే ఇంకొంచెం దారుణంగానే ఉంటుంది. అయినా ఈ ఒక్క అంకె మనసులో పెట్టుకున్నాక నా ఆట మారిపోయింది. ఇప్పుడు ఎత్తు చూడగానే "ఇక్కడ సగమయ్యే దూరం ఎంత" అని ముందు తడుతుంది, కిలోమీటర్ల రేంజ్ తర్వాత.

వేగం సగమైతే ఏమైంది, ఇంకా టార్గెట్ కంటే వేగంగానే ఉంది కదా అనిపించవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ క్షిపణి రెక్కలు పుట్టించే బలం వేగపు వర్గాన్ని బట్టి ఉంటుంది. వేగం సగమైతే తిరిగే శక్తి పావు. మ్యాక్ 3 దగ్గర 30 జీ (భూమి ఆకర్షణకు 30 రెట్ల బలం) లాగుతూ తిరగగలిగే క్షిపణి అదే ఎత్తులో మ్యాక్ 1.5కి వచ్చేసరికి ఏడు, ఏడున్నర జీ దగ్గర ఆగిపోతుంది. ఎదుట ఉన్న ఫైటర్ 7 నుంచి 9 జీ లాగగలదు. పైగా వెంటాడేవాడు తప్పించుకునేవాడితో సమానంగా తిరిగితే చాలదు, అంతకు కొన్ని రెట్లు తిరగగలగాలి, ఎందుకంటే వాడెప్పుడు ఎటు తిరుగుతాడో దీనికి ముందు తెలియదు, తెలిశాకే సరిదిద్దుకోవాలి. అందుకే రికార్డింగ్‌లలో మీరు చూస్తారు, క్షిపణి పక్కనుంచే, ఏ వంద మీటర్ల దూరంలోనో దాటిపోతుంది. అది గురి తప్పడం కాదు. తిరగాలని దానికి తెలుసు, తిరగడానికి కావలసిన వేగం దగ్గర లేదు.

ఇక బ్రోచర్‌లో రాసే వంద కిలోమీటర్ల సంగతి. ఆ అంకె అబద్ధం కాదు, కానీ ఏ పరిస్థితిలో అన్నది పక్కన రాయరు. వదిలేవాడు బాగా ఎత్తులో, ధ్వని వేగాన్ని మించి ఉండాలి, టార్గెట్ కూడా ఎత్తులోనే, నేరుగా వీడి ముఖంలోకి వస్తూ, ఎటూ తిరగకుండా ఉండాలి. ఎదురొచ్చే విమానం సగం పని తనే చేసి పెడుతుంది. లెక్క తేలికే. సగటున సెకనుకు 900 మీటర్ల వేగంతో 50 సెకన్లు ఎగిరే క్షిపణి 45 కిలోమీటర్లు పోతుంది. టార్గెట్ 300 మీటర్ల వేగంతో ఎదురొస్తే ఆ 50 సెకన్లలో అది 15 కిలోమీటర్లు వచ్చేస్తుంది, కాబట్టి 60 కిలోమీటర్ల నుంచి వదిలినా తగులుతుంది. అదే విమానం వదిలిన క్షణంలోనే వెనక్కి తిరిగి పారిపోతుంటే 15 కిలోమీటర్లు దూరం జరుగుతుంది, కాబట్టి 30 కిలోమీటర్ల లోపు వదలాలి. క్షిపణి ఎగిరింది రెండుసార్లూ 45 కిలోమీటర్లే. రేంజ్ మాత్రం ఒకసారి 60, ఒకసారి 30.

దీనికి చరిత్రలో అందమైన ఉదాహరణ ఉంది. 1973లో అమెరికా నౌకాదళం ఎఫ్-14 నుంచి ఫీనిక్స్ క్షిపణిని పరీక్షించినప్పుడు 110 నాటికల్ మైళ్ల దూరం నుంచి, అంటే దాదాపు 200 కిలోమీటర్ల నుంచి ఒక డ్రోన్ మీదికి వదిలారు. డ్రోన్ 50,000 అడుగుల ఎత్తులో మ్యాక్ 1.5తో ఎదురొస్తోంది, ఎఫ్-14 కూడా మ్యాక్ 1.5లోనే ఉంది. క్షిపణి లక్ష అడుగులు దాటి పైకెక్కి, 157 సెకన్ల తర్వాత టార్గెట్‌ను అందుకుంది. అందుకున్న చోటు వదిలిన చోటి నుంచి 72 మైళ్ల పైచిలుకు, అంటే దాదాపు 135 కిలోమీటర్లు. మిగతా 65 కిలోమీటర్ల పైన దూరాన్ని డ్రోనే వచ్చి కలిపింది. ఫీనిక్స్ అంటే దాదాపు 450 కిలోల బరువుండే భారీ క్షిపణి, అంత ఇంధనం ఉంది కాబట్టి పోయింది. నేను ఈ పరీక్ష గురించి మొదటిసారి చదివినప్పుడు 200 అన్న అంకె ఒక్కటే పట్టుకున్నాను, మళ్లీ చదివినప్పుడు మిగతావి కనబడ్డాయి.

పైకెక్కడం గురించి ఒక మాట. లాఫ్ట్ అంటారు దాన్ని. దూరపు షాట్‌లో క్షిపణి నేరుగా పోకుండా ముందు పైకి లేస్తుంది. పైకెక్కితే శక్తి ఖర్చవుతుంది కదా అనిపిస్తుంది, నిజమే, కానీ ఆ ఖర్చు మళ్లీ దిగేటప్పుడు చాలావరకు తిరిగొస్తుంది. దట్టమైన గాలికి పోసిన వేగం మాత్రం తిరిగి రాదు. లాఫ్ట్ సరిగా లేని సిమ్‌లో దూరపు షాట్ అంతా తప్పే, ఎందుకంటే అక్కడ క్షిపణి పలచని గాలిలో గడపాల్సిన సమయాన్ని దట్టమైన గాలిలో గడుపుతుంది. ఒక పాత సిమ్‌లో నేను చూసింది ఇదే. క్షిపణి గీత గీసినట్టు తిన్నగా పోయేది, అయినా దాని రేంజ్ కాగితం మీద అంకెకు సరిపోయేది. ఎలా అంటే డ్రాగ్‌ను కావాలని తగ్గించి సరిపెట్టారు. అలా సరిపెడితే ఒక పరిస్థితిలో అంకె కుదురుతుంది, మిగతా అన్నిట్లో తప్పుతుంది. కింద సముద్రం మీద కూడా ఆ క్షిపణి ఆగకుండా పోయేది, మన దగ్గర దాక్కోవడానికి చోటే ఉండేది కాదు.

సిమ్ క్షిపణి నిజమైనదానిలా ఉందా లేదా అని వాదించుకునేవాళ్లలో నాకు నచ్చనిది ఇదే. గరిష్ఠ రేంజ్ ఒక్కటీ పట్టుకుని "తగ్గించేశారు", "పెంచేశారు" అంటారు. గరిష్ఠ రేంజ్ కుదర్చడం చాలా తేలిక, ఒక అంకె మార్చితే చాలు. కుదర్చడం కష్టమైనవి వేరే ఉన్నాయి. ధ్వని వేగం దాటే చోట డ్రాగ్ ఎలా పెరుగుతుంది, మలుపు తిరుగుతున్నప్పుడు అదనంగా ఎంత పడుతుంది, మోటారు మండుతున్నప్పుడు వెనక భాగం దగ్గర పీడనం వేరు, ఆగాక వేరు, ఆ తేడా ఎంత. ఇవన్నీ కంప్యూటర్‌లో గాలి ప్రవాహాన్ని లెక్కగట్టి తెచ్చుకునేవాళ్లు ఇప్పుడు ఉన్నారు, ఆ పని చూస్తే నాకు నిజంగా గౌరవం కలుగుతుంది, ఎందుకంటే ఆటలో అది ఎవరికీ కంటికి కనిపించదు. రష్యా ఆర్-77 తోక దగ్గర జల్లెడ లాంటి రెక్కలు ఉంటాయి చూడండి, వాటిని తిప్పడానికి చిన్న మోటారు చాలు, వేగంగా ఉన్నప్పుడు బాగా పని చేస్తాయి, ధ్వని వేగం దగ్గరికి వచ్చేసరికి మాత్రం డ్రాగ్ ఎక్కువ. సిమ్‌లో ఆ క్షిపణికి మామూలు రెక్కల డ్రాగ్ లెక్క పెడితే, మొదట్లో సరిగానే ఉంటుంది, చివరి పది కిలోమీటర్లు తప్పైపోతాయి. నాకు కావాల్సింది ఆ చివరి పది కిలోమీటర్లే.

గైడెన్స్ కూడా రేంజ్‌ను తినేస్తుంది, ఇది చాలామంది పట్టించుకోరు. క్షిపణి టార్గెట్ ఉన్న చోటికి పోదు, ఉండబోయే చోటికి పోతుంది, చూపు రేఖ ఎంత తిరుగుతుంటే దానికి కొన్ని రెట్లు తను తిరుగుతుంది. టార్గెట్ 40 కిలోమీటర్ల దూరంలో ఉండగా అటూ ఇటూ నెమ్మదిగా వంకర్లు తిరిగితే, కలుసుకోబోయే చోటు ఎక్కడో దూరంగా కిలోమీటర్ల కొద్దీ జరుగుతుంటుంది, దాని కోసం క్షిపణి ప్రతిసారీ తిరుగుతుంది, ప్రతి మలుపులో వేగం పోతుంది. అందుకే క్షిపణి దగ్గరికి వచ్చాక గింజుకునే వాడికంటే, ముందే కాస్త పక్కకు తిరిగి, ఎత్తు తగ్గించుకుంటూ పోయేవాడు ఎక్కువసార్లు బతుకుతాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు.

నేను రోజూ హడ్‌లో చూసే గీతల అర్థం కూడా ఇదంతా తెలిశాకే తలకెక్కింది. దూరపు స్కేలు మీద పై గీత గరిష్ఠ రేంజ్, కింద ఇంకో గీత ఉంటుంది, కొన్ని విమానాల్లో ఆర్-టీఆర్ అంటారు, కొన్నిట్లో ఆర్-ఎన్ఈ. పై గీత చెప్పేది, టార్గెట్ ఇప్పుడు చేస్తున్నదే చేస్తూ ఉంటే తగులుతుంది అని. కింది గీత చెప్పేది, ఇప్పుడే వెనక్కి తిరిగి పారిపోయినా తగులుతుంది అని. నాకు షూట్ గుర్తు వచ్చింది పై గీత దగ్గర. ఎదుట ఉన్నది మనిషి, వాడు పారిపోకుండా ఎందుకుంటాడు? కింది గీత నా ఎత్తులో, నా వేగంలో ఆ రాత్రి 30 మైళ్లకు చాలా లోపల ఉంది.

అలాగని పై గీత దగ్గర వదలడం వృథా అనను. ఎదుటివాణ్ణి తిప్పించడానికి, వాడి రాడార్ నా మీద నుంచి పక్కకు పోయేలా చేయడానికి అది పనికొస్తుంది. తెలిసి వదిలితే అది మంచి షాట్. తెలియక వదిలి తగల్లేదని బాధపడితేనే చిక్కు, నేను ఐదుసార్లు చేసింది అదే.

నిజమైన యుద్ధాల్లో కూడా ఈ గీతలు తెలియక నష్టపోయారు. వియత్నాం యుద్ధంలో, ముఖ్యంగా 1965 నుంచి 1968 దాకా, అమెరికా వదిలిన స్పారో క్షిపణుల్లో టార్గెట్‌ను కూల్చినవి పదింట ఒకటి చొప్పున కూడా కష్టమే. క్షిపణుల నాణ్యత, నిల్వ, విమానం మీద వాటిని చూసుకునే పద్ధతి, ఇలా కారణాలు చాలా ఉన్నాయి, కానీ ఏ కోణంలో ఏ దూరంలో వదిలితే పని చేస్తుందో పైలట్లకు సరిగా తెలియకపోవడం వాటిలో పెద్దది. 1969లో కాలిఫోర్నియాలోని మిరమార్‌లో నౌకాదళ పైలట్లకు గాలిలో పోరు నేర్పే టాప్‌గన్ స్కూల్ పెట్టడానికి దారితీసిన విషయాల్లో ఇది ఒకటి. తర్వాత ముప్ఫై ఏళ్లకు, 1999 జనవరి 5న ఇరాక్ మీద అమెరికా ఎఫ్-15లు, ఎఫ్-14లు కలిసి మిగ్-25ల మీదికి ఆమ్రామ్, స్పారో, ఫీనిక్స్ మూడు రకాలూ వదిలాయి, ఒక్కటీ తగల్లేదు. దూరం నుంచి వదిలారు, మిగ్-25 అంటే వేగానికి పెట్టింది పేరు, తిరిగి పరిగెత్తాయి. అంతకు ఆరేళ్ల ముందు, 1992 డిసెంబరు 27న, ఆమ్రామ్ మొట్టమొదట కూల్చిందీ ఇరాక్ మిగ్-25నే, అప్పుడు వదిలింది ఎఫ్-16. అదే జాతి క్షిపణి, అదే రకం టార్గెట్. ఒకటి తగిలింది, ఒకటి తగల్లేదు. ఇవి తెలిశాక "నా క్షిపణి తగల్లేదు కాబట్టి సిమ్ తప్పు" అనడానికి నోరు రాదు.

దగ్గర దూరంలో కూడా గ్యారంటీ లేదు. 2017 జూన్ 18న సిరియా మీద ఒక ఎఫ్/ఏ-18ఈ, సుఖోయ్-22 వెనక చేరి దగ్గరి దూరాలకు వాడే సైడ్‌వైండర్ క్షిపణి కొత్త రకాన్ని వదిలితే అది తగల్లేదు, వెంటనే ఆమ్రామ్ వదిలి కూల్చాల్సి వచ్చింది. సిమ్‌లో ఇదే జరిగితే ఎంతమంది ఊరుకుంటారు? నేనైతే ఊరుకునేవాణ్ణి కాదు, అంతకుముందు.

ఒక్క విషయంలో మాత్రం సిమ్‌ను అనుమానించడం న్యాయమే, అది ఇంటర్నెట్‌లో ఆడేటప్పుడు. క్షిపణి ఎక్కడుందో వదిలినవాడి కంప్యూటర్ ఒకటి లెక్కగడుతుంది, తప్పించుకునేవాడి కంప్యూటర్‌లో కొంచెం ఆలస్యంగా ఇంకో చోట కనిపిస్తుంది. సెకనుకు 900 మీటర్ల వేగంలో పావు సెకను ఆలస్యం అంటే 225 మీటర్లు. నా రికార్డింగ్‌లో తగిలినట్టు, అవతలివాడి రికార్డింగ్‌లో పక్కనుంచి పోయినట్టు ఉండటం నేనూ చూశాను. అందుకే క్షిపణి బాగుందా లేదా అని తేల్చుకోవాలంటే ఒంటరిగా, మన కంప్యూటర్‌లోనే పరీక్షించాలి.

నేను చేసే పద్ధతి ఇది. ఖాళీ ఆకాశంలో కంప్యూటర్ నడిపే టార్గెట్‌ను ఒక ఎత్తులో, ఒక వేగంలో, ఏ దాడికీ స్పందించకుండా నేరుగా వచ్చేలా పెడతాను. చాఫ్ (రాడార్‌ను మోసం చేసే లోహపు పీచు), ఫ్లేర్లు (వేడిని వెతికే క్షిపణిని మోసం చేసే మంటలు) ఆపేస్తాను. ఒక్కో పరీక్షలో ఒక్క విషయమే మారుస్తాను, నా ఎత్తో, నా వేగమో, టార్గెట్ దిశో. తగిలిందా లేదా అన్నది రాసుకోను. టార్గెట్‌కి 10 కిలోమీటర్ల దూరంలో ఉన్నప్పుడు క్షిపణి వేగం ఎంత అన్నది రాసుకుంటాను. తగలడం, తగలకపోవడంలో అదృష్టం కలుస్తుంది, వేగంలో కలవదు. ఆ అంకెలను కాగితం మీద లెక్కతో పక్కపక్కన పెడితే సిమ్‌లో డ్రాగ్ ఎక్కడ నమ్మొచ్చు, ఎక్కడ నమ్మకూడదు అన్నది రెండు సాయంత్రాల్లో తెలిసిపోతుంది. ఇంత చేసినా చాఫ్ విషయం తేలదు. చాలా సిమ్‌లలో అది ఇప్పటికీ పాచిక వేసినట్టే ఉంటుంది, క్షిపణి రాడార్ డాప్లర్‌తో, అంటే కదిలే వేగంలో తేడాను బట్టి, చాఫ్‌ను ఎలా వేరు చేస్తుందన్న లెక్క లోతుగా ఉండదు. అది ఇంకో పోస్టంత విషయం.

ఈ వడిసెల లెక్కకు లొంగని క్షిపణులూ వచ్చాయి. 2016లో సర్వీసులోకి వచ్చిన మీటియోర్‌లో మొదటి రాకెట్ ఊపు అయ్యాక గాలి పీల్చే ర్యామ్‌జెట్ పని చేస్తుంది, మంటను తగ్గించుకుంటూ పెంచుకుంటూ చాలాసేపు తోసుకుంటూ పోతుంది, చివర్లో కూడా చేతిలో బలం ఉంటుంది. మోటారు రెండు విడతలుగా మండేవీ ఉన్నాయి, రెండో విడతను టార్గెట్ దగ్గరికి వచ్చేదాకా దాచుకుంటాయి. వీటికి గరిష్ఠ రేంజ్ కంటే కింది గీత బాగా పెరుగుతుంది. సిమ్‌లో ఇలాంటిది ఎదురైతే పాత అలవాటుతో వెనక్కి తిరిగి పరిగెడితే దొరికిపోతాం.

రెండు వారాల కిందట మళ్లీ అదే నలుగురం ఎగిరాం. ఈసారి ముందే ఎత్తుకు పోయాను, 38,000 అడుగులు, మ్యాక్ 1.2. వెనక తెల్లటి చార పడుతుంది, దూరం నుంచే కనిపిస్తాను, ఆ ప్రమాదం తెలిసే పోయాను. దూరం మళ్లీ అదే 30 మైళ్లు. ఎదుటివాడు ఈసారి కూడా 20,000 అడుగుల్లోనే ఉన్నాడు, ఇరవై సెకన్లకల్లా వెనక్కి తిరిగాడు, పోయినసారి ఏం చేశాడో అచ్చంగా అదే. నేను ముక్కు పక్కకు తిప్పి రాడార్ అంచులో వాణ్ణి పట్టుకుని ఉన్నాను. లోపల టెన్షన్‌గానే ఉంది. టైమర్ ఇంకా సున్నాకు రాకముందే దూరంగా చిన్న మెరుపు కనిపించింది.

"తగిలిందా?" అన్నాడు అన్న.

"తగిలింది. ఆగన్నా, వేగం చూసి చెప్తా."

ఎగరడం అయ్యాక రికార్డింగ్ తెరిచాను, చివరి సెకనులో మ్యాక్ 1.6. టార్గెట్ కంటే బాగానే ఎక్కువ, కానీ వాడు ఇంకో ఐదారు సెకన్ల ముందు తిరిగి, ఇంకా కిందికి దిగి ఉంటే ఏమయ్యేదో చెప్పలేను.

ఇప్పుడు నా దగ్గర మిగిలిన ప్రశ్న ఇంకొకటి ఉంది. కింద 5,000 అడుగుల్లో ఉండి, పైన 35,000 అడుగుల్లో ఉన్నవాడి మీదికి వదిలితే ఎంత నష్టపోతాం? భూమి ఆకర్షణ వల్ల వేగం పోతుందని అందరూ అంటారు. లెక్క వేస్తే, సెకనుకు 1,000 మీటర్ల వేగంతో ఉన్న క్షిపణి 9 కిలోమీటర్లు పైకెక్కినా ఆకర్షణ వల్ల పోయే వేగం సెకనుకు 90 మీటర్ల పైచిలుకే. అసలు దెబ్బ మొదటి నాలుగైదు కిలోమీటర్ల దట్టమైన గాలిలోనే పడుతుండాలి. కాగితం మీద అలా వచ్చింది. శనివారం రాత్రి టార్గెట్ పెట్టి, 5,000 నుంచి మొదలుపెట్టి ఐదేసి వేల అడుగులు పెంచుకుంటూ వదిలి చూస్తాను, 10 కిలోమీటర్ల దగ్గర వేగాలు రాసుకుని ఇక్కడే పెడతాను.